సర్కసాయన మెడలో పడని దండ

మా ఊళ్లో గది అద్దెకు కావాలని వచ్చినవాణ్ణి మూడు విషయాలు అడుగుతారు. ఏ ఊరు, ఏం పని, ఏ వీధి తరఫు. మొదటి రెండింటికి సరైన జవాబు లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. మూడోదానికి లేకపోతే మాత్రం గది దొరకదు. తూర్పు వీధి, పడమర వీధి అని ఊరికి రెండు పార్టీలు. ఎందుకు విడిపోయారో గుర్తున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకని రాజీ పడదామన్నా దేని మీద పడాలో తెలియక ఊరుకున్నారు. ఆ రెండింటి మధ్య నలిగిన సన్నటి వీధి ఒకటుంది. మా ఇల్లు అందులో.

సర్కసాయన, ఆయన భార్య ఒక సాయంత్రం ఖాళీగా తిరిగొస్తున్న నాపరాళ్ల లారీ దిగి, మూడో ప్రశ్నకు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి వాళ్లను మా ఇంటికి పంపింది. మా ఊళ్లో అంత ఐకమత్యం నేను ఎక్కువసార్లు చూడలేదు.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. నరసరావుపేటలో డేరా వేసిన వాళ్ల సర్కస్ అక్కడే మూతపడింది. ఒక రోజు పొద్దున యజమాని కనిపించలేదట. టికెట్ల పెట్టె కూడా కనిపించలేదట. రెండూ విడివిడిగా పోయి ఉంటాయని ఎవరూ అనుకోలేదు. మిగిలినవాళ్లు దొరికిన బండి ఎక్కి తలా ఒక దిక్కు పోయారు. వీళ్లకు దొరికింది మాచర్ల వైపు వచ్చే లారీ.

ఆయనకు నలభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, పొడుగాటి వేళ్లు. మాట తక్కువ. సామాను మొత్తం ఒక గోనెసంచి. అందులో రబ్బరు బంతులు, సీసాల ఆకారంలో చెక్కిన ఆరు కర్రలు. వాటిని గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం ఆయన వృత్తి. ఆయన ఎగరేస్తుంటే పక్కన నిలబడి జనానికి చెప్పడం ఆమె వృత్తి. మైకు లేకపోయినా ఆమె గొంతు క్వారీ దాకా వినిపిస్తుందని వచ్చిన మర్నాడే తెలిసింది.

నా వృత్తి బండలు కొలవడం. మా ఊళ్లో ఇంటి కప్పు నాపరాయి, ప్రహరీ నాపరాయి, పశువుల తొట్టి నాపరాయి. బండను చూడగానే ఎన్ని చదరపు అడుగులో చెప్పగలను. చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతా లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. ఊళ్లో నన్ను లెక్కలాయన అంటారు. ఆ గౌరవం బండ లారీకి ఎక్కేదాకానే. తర్వాత నా మాట వినే అలవాటు ఎవరికీ లేదు.

సర్కసాయన పొద్దున్నే మా పెరట్లో సాధన చేసేవాడు. నేను వేపపుల్లతో పళ్లు తోముకుంటూ చూసేవాణ్ణి. ఊరికే చూడటం నాకు చేతకాదు. నాలుగు రోజులు చూసి లెక్క కట్టి, అయిదో రోజు వెళ్లి ఆయనకు చెప్పాను.

"గాల్లో బంతి ఉండే టైము రెట్టింపు కావాలంటే ఎంత ఎత్తు వెయ్యాలో తెలుసా? రెండింతలు కాదు. నాలుగింతలు."

ఆయన బంతులన్నీ చేతుల్లోకి తెచ్చుకుని నా వంక చాలా గౌరవంగా చూశాడు.

"అందుకేనా అన్నయ్యా, నాకు మెడ నొప్పి?"

గిన్నెలు తోముతున్న ఆయన భార్య అందుకుంది. "ఈ లెక్క ముందే తెలిసుంటే మూడు బంతులకే ఆపేసేవాడు గదా. ఇన్నేళ్లు అనవసరంగా కష్టపడ్డాడు."

లెక్క తెలిసినవాడికి ఆట ఎంతసేపు అని నేను మూడు నిమ్మకాయలు తీసుకున్నాను. ఒకటి ప్రహరీ అవతల పడింది, ఒకటి నీళ్ల తొట్టిలో పడింది. మూడోది పట్టుకున్నాను. అది నేను ఎగరెయ్యడం మర్చిపోయినది.

"చేతుల వంక చూడమాక అన్నయ్యా," అన్నాడాయన. "చేతులు యాడికీ పోవు. పోయేది బంతి. అది పైకి పోయి ఎక్కడ మళ్లుతుందో అక్కడ పెట్టాల చూపు."

ఆ రోజే ఇంకో కిటుకు కూడా చెప్పాడు. అన్నీ వరసగా పట్టుకుంటూ పోతే జనానికి అది తేలిక పని అనిపిస్తుందట. అందుకని మొదట్లో ఒకసారి కావాలని ఒకటి వదిలెయ్యాలి. అది కింద పడ్డప్పుడు "అరెరే" అంటారు. రెండోసారి పట్టుకున్నప్పుడు "అబ్బో" అంటారు. నాకు ఇది చాలా నచ్చింది. ఇన్నేళ్లుగా బండలన్నీ సరిగ్గా కొలుస్తూ వచ్చి, ఒక్క "అబ్బో" కూడా ఎందుకు సంపాదించలేకపోయానో అప్పుడు అర్థమైంది.

ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం ఖాళీ అయింది. అది సర్కారు బడి కాదు, ఊరి కమిటీ నడిపే బడి. కమిటీ ప్రెసిడెంటు పడమర వీధి పెద్దాయన. బడికి స్థలం ఇచ్చింది తూర్పు వీధి పెద్దాయన. కాబట్టి సుద్దముక్క కొనాలన్నా ఇద్దరూ సరే అనాలి. నేను సర్కసాయనను వెంటబెట్టుకుని ప్రెసిడెంటు ఇంటికి వెళ్లాను.

"ఏం చదివావు?"

"నాలుగో తరగతండి."

"పాత మాస్టరు డిగ్రీ. నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసం. చదువు సంగతి వదిలెయ్." ప్రెసిడెంటు చుట్ట పక్కన పెట్టాడు. "వార్షికోత్సవంలో నీ ఐటం ఒకటి పెట్టు. ఊరంతా చూస్తది. రెండు వీధులూ బాగుందంటే ఉద్యోగం నీదే. బడి వెనక గది కూడా ఉంది, ఉండొచ్చు."

ఆ గది మాట విన్నాక ఆమె రెండు రోజులు ఏ పనీ నిదానంగా చెయ్యలేదు. వేరే సర్కస్‌లో నలభై ఏళ్లవాణ్ణి తీసుకోరని ఇద్దరికీ తెలుసు. నాతో ఒకసారి అంది. "పెళ్లైన కాణ్ణించీ డేరా గుంజలు పాతడం, గుంజలు పీకడం. ఇంకేం చూళ్లేదు అన్నయ్యా. ఒక గోడకి మేకు కొట్టుకుని, ఆ మేక్కే రెండో ఏడు కేలండరు కూడా తగిలించాలని నా ఆశ. ఏమంత పెద్ద ఆశ చెప్పు?"

నా వంతు సాయంగా నేను అన్నీ కొలిచాను. స్టేజీ వెడల్పు, ట్యూబులైటు తీగల ఎత్తు, గాలి ఏ వైపు నుంచి వస్తుందో. ఒక్కటి చెప్పలేదు. మా ఊళ్లో ఏ ఆటగాడికైనా దండ ఎప్పుడు వేస్తారో చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని మా ఊళ్లో పుట్టినవాళ్లకు ఎవరికీ తోచదు.

మాది నాటకాల పిచ్చి ఉన్న ఊరు. రాజు వేషం వేసినవాడు పద్యం అందుకుని, రాగం కొసకు లాగుతున్నప్పుడు కింద కూర్చున్న పెద్దమనిషి లేస్తాడు. దండ పట్టుకుని స్టేజీ ఎక్కుతాడు. మైకులో ఆయన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు చదువుతారు. రాజు రాగాన్ని అక్కడే ఆపి, మెడ వంచి దండ వేయించుకుని, నమస్కారం పెట్టి, ఆపిన చోటు నుంచే రాగం అందుకుంటాడు. ఆటగాడి సత్తా అక్కడ తెలుస్తుందని మావాళ్ల నమ్మకం. ఆట ముగిశాక దండ వేస్తే అది మర్యాద కింద లెక్కకు రాదు. పైగా ఒక వీధి వేస్తే రెండో వీధి కూడా వెయ్యాలి. అది కూడా అంతకంటే లావు దండ.

వార్షికోత్సవం రోజు దీపాలు పెట్టే వేళకు పిల్లల డాన్సులు అయిపోయాయి. బడి ఆవరణలో నాపరాళ్లు పేర్చి కట్టిన స్టేజీ. సర్కసాయన తళుకుల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె మైకు పట్టుకుంది. మూడు బంతులు లేచాయి.

నా వెనక వరసలో ఒకాయన కాసేపు చూసి, "పద్యం ఎత్తుకోడేంది?" అన్నాడు.

"మూగోడేమోలే," అన్నాడు పక్కాయన. "అయినా సుతి అన్నా ఇయ్యండ్రా."

పిల్లల డాన్సులకు వాయించిన హార్మోనియం ఆయన శ్రుతి ఇచ్చాడు. సర్కసాయన జీవితంలో మొదటిసారి హార్మోనియం శ్రుతికి బంతులు ఆడించాడు. తర్వాత అయిదు బంతులు. అనుకున్న ప్రకారం ఒకటి జారి రాళ్ల మీద ఎగిరి కింద కూర్చున్న పిల్లల మధ్యలో పడింది. జనం "అరెరే" అంటారని ఆయన చెప్పాడు కదా. మావాళ్లు అనలేదు. "అయిపాయె" అన్నారు. ముందు వరసలో ప్రెసిడెంటు లేచి పంచె దులుపుకున్నాడు.

ఆమె గొంతు వెంటనే అందుకుంది. "పడలేదండీ! వదిలారు! మా ఆయన చెయ్యి తనకు ఇష్టం లేకుండా దేన్నీ కింద పడనివ్వదు! చూడండి!"

రెండోసారి అయిదూ నిలిచాయి. వన్స్‌మోర్ అని కేకలు. నాటకంలో వన్స్‌మోర్ అంటే అదే పద్యం మళ్లీ పాడాలి. ఆయన అదే వరస మళ్లీ చేశాడు. మళ్లీ వన్స్‌మోర్. చేశాడు. ప్రెసిడెంటు కూర్చున్నాడు. నేను కూడా ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు కర్రలు బయటికి వచ్చాయి. నాలుగు కర్రలు గాల్లో గిరగిరా తిరుగుతున్నాయి. అంతా పైకి చూస్తున్నారు. రాగం కొసకు వచ్చిందని అర్థమైంది కాబోలు, ప్రెసిడెంటు దండతో స్టేజీ ఎక్కాడు. మైకు కుర్రాడు ఆమె చేతిలోంచి మైకు లాక్కుని పేరు చదవడం మొదలుపెట్టాడు.

రాజుకు దండ వెయ్యడం వేరు. రాజు చుట్టూ కర్రలు తిరగవు. ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లాడు, ఒక కర్ర ముక్కు ముందు నుంచి పోయింది, వెనక్కి వచ్చాడు. ఆపమనొచ్చు. కానీ దండ వేసేవాడు ఆటగాణ్ణి అడగడం మర్యాద కాదు. కాసేపు చూసి, ఉన్న చోటు నుంచే దండ విసిరాడు. మల్లెపూల దండ, తేలిక. సర్కసాయన చూపు పైనుంచి కదలలేదు. రెండు కర్రల మధ్య తల ముందుకు పెట్టాడంతే. దండ తల మీద పడి మెడలోకి జారింది. కర్రలు ఆగలేదు.

మా బడి ఆవరణలో అంత అరుపు అంతకు ముందు లేదు. పడమర వీధి మొత్తం లేచి నిలబడింది.

తూర్పు వీధి పెద్దాయన కూర్చోగలడా? ఆయన దండ బంతిపూలది, చెయ్యి లావున ఉంది. వాడిపోకుండా పొద్దుటి నుంచి బక్కెట్లో నానబెట్టారు. దాని బరువు ఎంతుంటుందో చూడగానే నాకు తెలిసింది. మైకులో పేరు సగం కూడా చదవలేదు, ఆయన అవతలి వైపు నుంచి విసిరేశాడు. దండ బారుగా వచ్చింది. ఒక కర్ర దాన్ని మధ్యలో తగులుకుని మెలితిప్పింది. కర్ర సర్కసాయన చేతిలోకి వచ్చింది. దండ నాపరాయి మీద పడింది.

తడి దండ రాయి మీద పడితే వచ్చే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"పడమటోళ్లది మెడలో, మనది కాళ్ల కాడ," అన్నారు ఎవరో. గట్టిగా కూడా అనలేదు.

కార్యక్రమం అక్కడితో ముగిసింది. జనగణమన పాడటానికి సిద్ధంగా ఉన్న పిల్లలు పాడకుండానే ఇళ్లకు వెళ్లారు.

మర్నాడు పొద్దున బడి వరండాలో పెద్దలు కూర్చున్నారు. ఒక వైపు తూర్పు, ఒక వైపు పడమర. మధ్యలో సర్కసాయన, ఆయన భార్య. తూర్పు పెద్దాయన నేరుగా విషయానికి వచ్చాడు.

"వాడు కావాలని పడేశాడు. నేనంటం కాదు, వాడి పెళ్లామే చెప్పింది మైకులో. ఇష్టం లేకుండా ఏదీ కింద పడనివ్వడంట. మరి మా దండ ఎట్టా పడింది?"

"అయ్యా, అది సర్కస్ మాట," అందామె. "సర్కస్‌లో సింహం మనుషుల్ని తింటదని కూడా చెప్తాం. దానికి పళ్లే లేవు."

పడమర వైపు నుంచి ఒకరు నవ్వారు. నవ్వి ఉండకూడదు.

"అంటే అబద్ధం చెప్పావన్న మాట."

"అబద్ధం కాదయ్యా, గొప్ప."

నేను ముందుకు జరిగాను. తడి దండ బరువు, విసిరిన కోణం, కర్ర తిరిగే వేగం, అన్నీ రాత్రే లెక్క కట్టి పెట్టుకున్నాను. ఎంత నేర్పరి అయినా ఆ దండ మెడలో పడే అవకాశం లేదని అంకెలతో రుజువు చెయ్యగలను. "పెద్దయ్యా, ఒక మాట. ఇందులో ఎవరి తప్పూ..."

"నీది ఏ వీధి?" అన్నాడు తూర్పు పెద్దాయన.

"మధ్య వీధి."

"అయితే కూర్చో."

కూర్చున్నాను. లెక్క చొక్కా జేబులోనే ఉండిపోయింది.

తూర్పు పెద్దాయన సర్కసాయన వైపు తిరిగాడు. "రెండే మాటలు. కావాలని పడేశావా? అయితే ఊరు దాటు. చేతకాక పడేశావా? అయితే ఆ మాట నీ నోటితో చెప్పు, అందరూ వినేట్టు."

ఆమె మొగుడి వంక చూసింది. చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది. ఆయన చెయ్యి తప్పలేదు. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు, అంకెలకు కూడా తెలుసు. ఇరవై ఏళ్లుగా ఊరూరా ఆమె ఆ చెయ్యి గురించే మైకులో చెబుతూ వచ్చింది.

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. చేతుల వంక చూడమాకని నాకు చెప్పినవాడు.

"నా చెయ్యి తప్పిందండి," అన్నాడు. "నాకు చేతకాలేదు."

తూర్పు వీధి శాంతించింది. అయితే ఇప్పుడు పడమర వీధికి చిక్కొచ్చింది. ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "చేతకాలేదంటున్నాడు గదా. చేతకానోడికి ఉద్యోగం ఎట్టా ఇస్తాం?"

"మా దండ పడేసినోడికి మేమే ఉద్యోగం ఇయ్యండంటున్నాం. మీ దండ పట్టుకున్నోడికి ఇయ్యడానికి మీకేంది?" అన్నాడు తూర్పు పెద్దాయన. అప్పటిదాకా ఊరు దాటమన్న మనిషి, పడమర కాదంటుందని తెలియగానే అవునన్నాడు. ఆ తర్వాత పొద్దెక్కేదాకా ఎవరు ఎటు వైపు వాదిస్తున్నారో వాళ్లకే తెలియలేదు. ఎండ వరండాలోకి వచ్చాక, కాళ్లు కాలి, రాజీ కుదిరింది. ఉద్యోగం ఇస్తారు. గది ఇస్తారు. కానీ ఈ ఊళ్లో ఆయన చేతుల్లోంచి ఏదీ పైకి లేవకూడదు. బంతి గానీ, కర్ర గానీ, చివరికి సుద్దముక్క గానీ. ఎందుకంటే పైకి లేచింది కింద పడుతుంది, పడితే ఏదో ఒక వీధి వైపు పడుతుంది. మా పెద్దలు భౌతిక శాస్త్రంలో నాకంటే ముందున్నారని ఆ రోజు ఒప్పుకున్నాను.

ఇంటికి వచ్చే దారంతా ఆమె మొగుడికి పదడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర మాత్రం నిలబడిపోయింది. "ఎందుకన్నావు ఆ మాట? లారీలు లేవా? ఇంకో ఊరు లేదా?"

"ఉంటాయే," అన్నాడాయన. "ఆ ఊళ్లో కూడా ఏదో ఒకటి విసురుతారు. నీకు గోడ కావాలన్నావు గదా."

ఆమె లోపలికి వెళ్లి గోనెసంచి మూతి బిగించి కట్టింది. చాలా గట్టిగా కట్టింది.

ఆయన మంచి డ్రిల్లు మాస్టరు అయ్యాడు. పిల్లల్ని పరిగెత్తించేవాడు, వరసలో నిలబెట్టేవాడు. వాలీబాల్ బయటికి వస్తే చేత్తో ముట్టకుండా పిల్లలు వచ్చి తీసుకునేదాకా కాపలా కాసేవాడు. చేతులు ఎప్పుడూ వీపు వెనక కట్టుకునే ఉండేవాడు. ఊరివాళ్లు దాన్ని క్రమశిక్షణ అన్నారు. మాస్టరుకు ఆ మాత్రం హుందాతనం ఉండాలని ప్రెసిడెంటు మిగతా మాస్టర్లకు కూడా చెప్పాడట.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బడి బండల కొలత కోసం వెళ్లాను. అన్నాల బెల్లు కొట్టారు. వరండాలో ఆడపిల్లలు గుండ్రంగా కూర్చుని అచ్చనగాయలు ఆడుతున్నారు. గులకరాయి ఒకటి పైకెగరేసి, అది కిందికి వచ్చేలోపు నేల మీదివి ఏరుకోవడం. ప్రతి ఇంట్లో ప్రతి ఆడపిల్లా ఆడే ఆటే. దాన్ని ఎవరూ సర్కస్ అనరు. మొగుణ్ణి అన్నానికి పిలవడానికి వెనక గదిలోంచి వచ్చిన ఆమె ఆ పిల్లల మధ్య కూర్చుని ఉంది. ఆమె మీద నిషేధం ఏమీ లేదు. ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు కదా.

"కూర్చుంటే ఇంతే ఎగురుద్ది. లేచి నిలబడి వెయ్యవే," అంటోంది.

ఒక పిల్ల లేచింది. తూర్పు పెద్దాయన మనవరాలు. మూడు రాళ్లు గాల్లో తిరుగుతున్నాయి. గొడుగు కింద అటుగా పోతున్న పెద్దాయన ఆగాడు. ఆమె గభాలున లేచి కొంగు సర్దుకుంది.

"ఏందది?"

"అచ్చనగాయలయ్యా."

పెద్దాయన గొడుగు వెనక్కి వంచి, పైకి పోయే రాళ్లను చూశాడు. అందరం ఆయన ఏమంటాడా అని నిలబడ్డాం.

"ఇంకోటి కలపలేవా?" అన్నాడు మనవరాలితో.

ఆ పిల్ల నాలుగోది అందుకుంది. డ్రిల్లు మాస్టరు స్తంభం పక్కన హుందాగా నిలబడి చూస్తున్నాడు. నేను ఆయన వెనక ఉన్నాను కాబట్టి ఆ కట్టుకున్న చేతులు కనిపించాయి. రాయి ఆ పిల్ల చేతిలో పడటానికి ఒక్క క్షణం ముందే, ఆయన వేళ్లు ప్రతిదాన్నీ అందుకుంటున్నాయి.